రాళ్ళకు అవతల

"అక్కా! అక్కా! వినిపిస్తోందా?"

బండల అవతలి నుంచి తమ్ముడి గొంతు జీరబోయి వచ్చింది.

"వినిపిస్తోంది రా. గొంతు చించుకోకు. దెబ్బలేమైనా తగిలాయా?"

"తెలీదు. నాకు ఊపిరాడట్లేదక్కా."

"భయానికి అలాగే ఉంటుంది. ముక్కుతో పీల్చు. నోటితో వదులు. నాతో పాటే చెయ్యి."

ఆమె గట్టిగా గాలి పీల్చి వదిలింది. అవతల వాడూ పీల్చాడు. వెక్కిళ్ళు కాస్త తగ్గాయి.

ఆమె భూగోళం టీచరు. బదిలీ అయింది. కొత్త బడి కొండకు ఆవలి వైపు. సామానుతో పాటు అక్కనూ దింపి వస్తానని తమ్ముడు కారు తీశాడు. కొన్ని రోజులుగా ఒకటే ముసురు. మలుపులో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పడి ఉంటే చూద్దామని ఇద్దరూ దిగారు. అంతే, పైనుంచి కొండచరియ జారింది. కళ్ళు మూసి తెరిచేలోగా ఇద్దరి మధ్యా గోడ కట్టినట్టు బండలు. వెనకాల వచ్చిన లారీ డ్రైవరు మనుషుల్ని పిలుచుకొస్తానని కిందికి పరిగెత్తాడు.

రాళ్ళ మధ్య ఒకచోట చెయ్యి దూరేంత సందు ఉంది. ఆమె అందులోకి చెయ్యి చాపింది. తమ్ముడి వేళ్ళు తగిలాయి. తడిసి, చల్లగా ఉన్నాయి. ఆ చేతిని వాడు రెండు చేతులతోనూ పట్టేసుకున్నాడు.

"నన్నొదిలేసి పోకక్కా."

"ఎక్కడికి పోతాను రా పిడుగూ?"

చిన్నప్పుడు పెట్టిన పేరది. మీసాలొచ్చి, పెళ్ళయి, పొట్ట కూడా వచ్చినా ఇంట్లో వాడు పిడుగే.

కాసేపటికి రాయి గీరుకున్న చప్పుడైంది.

"ఏం చేస్తున్నావు?"

"ఈ ఒక్క రాయీ లాగేస్తే..."

"లాగకు!" ఆమె కేక పెట్టింది. "అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఒకటి కదిపావంటే మొత్తం కూర్చుంటుంది. చేతులు కట్టుకుని ఊరుకో. నీ చుట్టూ ఏముందో చెప్పు."

"నీళ్ళు. పైనుంచి కారుతున్నాయి."

"తేటగానా, బురదగానా?"

"ఎర్రటి బురద."

ఆమె పెదవి కొరుక్కుంది. నీళ్ళు బురదగా వస్తున్నాయంటే లోపల మట్టి ఇంకా కదులుతోందన్నమాట.

"నీ నెత్తిమీద ఏముంది?"

వాడు తలెత్తి చూసినట్టున్నాడు.

"బండ. పెద్దదే. సగం గాల్లోనే ఉంది."

"ఒరేయ్, దాని కిందనుంచి పక్కకి జరుగు."

"జరిగితే నీ చెయ్యి అందదు."

"అందకపోతే పోయింది. జరగమంటున్నానా?"

"జరగను."

చెయ్యి వదిలితేనైనా కదులుతాడేమోనని ఆమె వెనక్కి లాక్కోబోయింది. వాడు వదల్లేదు. మణికట్టు నొప్పెట్టేలా పట్టుకున్నాడు. ఆ బండ జారితే? వాడి పెళ్ళాం ముఖం ఎలా చూడడం? మొండి వెధవ. పుట్టినప్పటి నుంచీ అంతే.

తిడితే వినే రకం కాదు. కనీసం బెంబేలు పడకుండా ఉంచాలి. ఆమె టీచరు గొంతు అందుకుంది.

"శైథిల్యానికీ క్రమక్షయానికీ తేడా చెప్పు."

"ఇప్పుడా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు పాత కథ ఉంది. తమ్ముడి కన్నా ఆమె బాగా పెద్దది. ఆమె పాఠం చెప్పే తరగతిలోనే వాడూ చదివాడు. పరీక్షలో ఈ తేడా రాయమంటే రెండింటికీ ఒకే జవాబు రాసి వచ్చాడు. తమ్ముడని చూడకుండా ఆమె సున్నా చుట్టింది. ఏ పెళ్ళిలో నలుగురు చేరినా ఆ సంగతెత్తి అక్కను ఆటపట్టించకుండా వదలడు.

"చెప్పరా."

"రాయి ఉన్నచోటే ఉండి, బలం పోయి, పగిలి పొడైపోతే శైథిల్యం. ఆ పొడిని నీళ్ళో గాలో ఎత్తుకుపోతే క్రమక్షయం."

"భేష్. పాసయ్యావు."

"అక్కా, నువ్వు పాస్ చేస్తే నాకు భయమేస్తోంది. నువ్వు జాలిపడే మనిషివి కావు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక మెల్లగా చెప్పసాగింది.

"ఈ కొండనే చూడు. ఎండకు ఉబ్బింది, చలికి ముడుచుకుంది. ఎక్కడో పగులిచ్చింది. అందులోకి వాన నీళ్ళు దిగాయి. వేరు దూరి లావెక్కింది. పైకి ఉక్కులా ఉంటూనే లోలోపల పిండైపోయింది. ఎన్ని తరాలు పట్టిందో."

"అన్ని తరాలు ఆగింది కదా, మనం దాటేదాకా ఆగలేకపోయిందా?"

అప్పుడే పైనుంచి జలజలమంటూ రాళ్ళు రాలాయి. వాడు కెవ్వుమన్నాడు.

"తగిలిందా?"

"లేదు. నీకు?"

"నాకేం కాలేదు. ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. పక్కకి జరుగు."

వేళ్ళ మీద పట్టు ఇంకాస్త బిగిసింది. ఆమె కళ్ళు మూసుకుని, వాడి ఊపిరి వింటూ ఉండిపోయింది.

చాలాసేపటికి మనుషుల అరుపులు వినిపించాయి. గడ్డపారల చప్పుడు. మేస్త్రీ గొంతు ఖంగుమంది.

"పైనుంచి ఒక్కొక్కటే తియ్యండి. కింద ముట్టుకోవద్దు. ఆ పెద్ద బండకు ముందు దుంగలు ఆనించండి!"

రాయి తరవాత రాయి కదిలింది. దుమ్ము రాలింది. సందు పెద్దదవుతూ వచ్చింది.

"బాబూ, చెయ్యి వదలాలి" అన్నాడు మేస్త్రీ.

"వదలను."

"వదలరా పిడుగూ. వచ్చేశారుగా" అంది ఆమె.

మధ్యాహ్నం నుంచీ వానలో, నడిరోడ్డు మీద, మోకాళ్ళ మీద కూలబడి ఉన్న తమ్ముణ్ణి ఇద్దరు మనుషులు బలవంతంగా పక్కకి ఈడ్చాక గానీ, బండల కింద చిక్కుకున్న అక్కను ప్రాణాలతో బయటికి తియ్యడానికి పనివాళ్ళకు చోటు దొరకలేదు.