మూర్తిగారి కండ

"నూట యాభై గ్రాములు తగ్గింది సార్."

నరసింహమూర్తికి ఒళ్లు మండింది. మూడు నెలలు! రోజూ పొద్దున్నే ఏడింటికల్లా కొండాపూర్‌లోని ఆ జిమ్‌కి వచ్చి, కొడుకు వయసు సాఫ్ట్‌వేర్ వాళ్లు "అంకుల్, అంకుల్" అంటూ దారిస్తుంటే చెమటోడ్చి, జన్మలో ముట్టని కోడిగుడ్డు ముక్కు మూసుకుని మింగితే, ఒంట్లో కండ పెరగాల్సింది పోయి తగ్గిందట.

"మళ్లీ చూడవయ్యా. మీ మెషీన్‌కి మతి పోయినట్టుంది."

ట్రైనర్ మహేశ్ ఆయన్ని కండా కొవ్వూ విడివిడిగా తూచే ఆ మెషీన్ మళ్లీ ఎక్కించాడు. అదే అంకె. బరువు డెబ్బై రెండు కిలోలు, రిటైరైన రోజున ఉన్నంతే. కాకపోతే లోపల కండ ఖాళీ చేసి వెళ్లిపోయింది, ఆ వాటాలో కొవ్వు దిగింది. ఇంటి నంబరు మాత్రం మారలేదు.

"పరేషాన్ గాకుండ్రి సార్. అరవై ఎనిమిదేండ్లకు కండ పెరగాలంటే మస్తు టైం పడ్తది. ఉన్నది నిలబడ్డా గెలిచినట్లే."

"నాకు టైం లేదయ్యా! ఆదివారంతో గడువు అయిపోతుంది."

గడువు పెట్టింది కొడుకు జశ్వంత్. మూర్తి భార్య రాజరాజేశ్వరికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆవిణ్ణి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మళ్లీ మంచం మీదికి చేర్చేది మూర్తే. ఇంకెవరు ముట్టుకున్నా ఆవిడ ఒప్పుకోదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన చేతులు వణికాయి. ఇద్దరూ కలిసి నేల మీదికి జారిపోయారు. జశ్వంత్ నానక్‌రామ్‌గూడ ఆఫీసు నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చేదాకా, గంటన్నరసేపు, మంచం కోడుకి ఆనుకుని అలాగే కూర్చున్నారు.

"మూడు నెలలు చూద్దాం నాన్నా. అప్పటికీ మీ వల్ల కాకపోతే అమ్మని ఖాజాగూడలో ఆ కేర్ సెంటర్‌లో చేరుద్దాం. ఈసారి పడితే తుంటి విరుగుతుంది" అన్నాడు జశ్వంత్.

అది తప్పు మాట కాదు. అందుకే మూర్తికి మరీ కోపం వచ్చింది. పెళ్లయిన నలభై రెండేళ్లలో ఆవిడ పురిటికి తప్ప ఆయన్ని వదిలి ఉన్నది లేదు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా కాలవ గట్ల మీద పొద్దస్తమానం తిరిగిన మనిషి, సొంత పెళ్లాన్ని మూడడుగులు మొయ్యలేడా? మర్నాడే జిమ్‌లో చేరాడు.

చేరితే ఏముంది! మొదటి రోజు ఎత్తిన ఇరవై కిలోలే ఇవాళా ఎత్తాడు. ఇంకో రెండు కిలోలు వేస్తే మోకాళ్లు ససేమిరా అన్నాయి. తన ఒళ్లే తన మాట వినకపోతే ఎవరి మీద అరవాలో తెలియక ఆయన మహేశ్ మీద అరిచి ఇంటికొచ్చాడు.

చిత్రమేమిటంటే, ఇంట్లో కథ వేరు. మొదట్లో రాజరాజేశ్వరిని లేపుతుంటే తడిసిన బియ్యం బస్తాని లేపినట్టుండేది. రెండో నెలకి కాస్త సులువైంది. ఈమధ్య అయితే ఒక్క ఊపులో లేపేస్తున్నాడు.

"మీ చేతుల్లోకి సత్తువ వచ్చిందండీ" అనేది ఆవిడ, ఎడం చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసి.

"మెషీన్ రాలేదంటోందే!"

"మెషీన్‌కేం తెలుసు? మోయించుకునేదాన్ని నేను కదా."

ఆ మాటకి పొంగిపోయి ఆయన ఇంకో గుడ్డు మింగేవాడు. రాత్రి ఆవిడకి వంటమనిషి పోచమ్మ చేసిపెట్టిన చపాతీ ఇంకొకటి వెయ్యబోతే, "పొద్దున్న మీరు జిమ్‌కెళ్లాక పోచమ్మ నాలుగిడ్లీలు పెట్టిందండీ, ఇంకా అరగలేదు" అని పళ్లెం పక్కకి జరిపేసేది. నైటీ అంత వదులైందేమిటని అడిగితే, ఉతికి ఉతికి సాగిపోయిందనేది. ఆయన ఇంకేమీ అడగలేదు. అద్దంలో తన భుజాలు చూసుకోవడంతోనే ఆయనకి సరిపోయేది.

ఆదివారం రానే వచ్చింది. మూర్తి జిమ్ నుంచి తిరిగొచ్చేసరికి జశ్వంత్ చేతులు కట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మూర్తి మంచం దగ్గరికి వెళ్లి, మహేశ్ నేర్పినట్టు మోకాళ్లు వంచి, నడుం నిటారుగా పెట్టి, రాజరాజేశ్వరిని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. మళ్లీ మంచం మీదికి చేర్చాడు. ఎవరూ అడక్కపోయినా మళ్లీ కుర్చీలోకి. ఆయన చేతులు వణకలేదు.

"చాలు నాన్నా, చాలు! ఇంక సెంటర్ మాట ఎత్తను" అని జశ్వంత్ నవ్వేశాడు. రాజరాజేశ్వరి ఎడం చేత్తో కళ్లు తుడుచుకుంది.

మూర్తి ఛాతీ విరుచుకుని వంటింట్లోకి వచ్చాడు. పోచమ్మ ఇంటికెళ్లడానికి తన టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"చూశావా పోచమ్మా! ఆ జిమ్‌ మెషీన్ వట్టి దొంగది. కండ లేకుండానే ఎత్తానా? మొయ్యడానికి నేనున్నాను, రేపటి నుంచి మీ అమ్మగారికి ఇంకో రెండిడ్లీలు ఎక్కువే పెట్టు."

పోచమ్మ డబ్బా మూత పెట్టబోయి ఆగింది. గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అమ్మ ఒట్టు వెట్టించుకున్నది సారూ, మూడు నెలల సంది ఆమె టిఫిన్ రోజూ నా డబ్బలనే పోతున్నది, 'ఈ వయసుల ఆయనకు ఏం కండ పెరుగుతది పోచమ్మా, నేనన్న తేలికైత' అన్నది."