పచ్చలో బీట

ఖెంజ్ పచ్చల బజారులో ఎవడైనా రాయికి వంక పెట్టాడంటే, దాని మీద కన్నేశాడనే లెక్క.

అందుకే ఆ ముసలాయన తన పచ్చకు వంక పెట్టగానే నజ్ముద్దీన్‌కు నవ్వొచ్చింది.

మల్బరీ తోట అమ్మేసి గనివాళ్ల దగ్గర కొన్న పచ్చ అది. బొటనవేలంత ఉంది. సానపట్టిస్తే పోయిన తోటతోపాటు కాబూల్లో ఇల్లు కూడా వస్తుంది. తేడా వస్తే పిల్లలతో సహా వీధిన పడాలి.

ముసలాయన కొట్టు గడపలోనే నిలబడి, ఒక్కసారి చూపించమని బతిమాలాడు. బట్టల నిండా కొండ దుమ్ము.

ఈయనకేం తెలుసో చూద్దామని నజ్ముద్దీన్ తన పచ్చ పక్కన ఇంకో రెండు ఆకుపచ్చ రాళ్లు పెట్టాడు.

ఆయన ముట్టుకోకుండానే తేల్చేశాడు. లోపల గుండ్రటి బుడగలున్నది సీసా గాజట. ఒకవైపు నుంచి పచ్చగా, ఇంకోవైపు నుంచి నల్లగా కనిపించేది టూర్మలిన్ అనే చవక రాయట.

మూడోదాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది మన కొండ పచ్చే తమ్ముడూ. కానీ లోపల అడ్డంగా బీట ఉంది. సానపట్టించకు. ఉన్నదున్నట్టు అమ్ముకో."

నజ్ముద్దీన్ రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. లోపల గడ్డివేళ్లలాంటి సన్నటి నార గీతలు తప్ప ఏమీ లేవు. నార లేని పచ్చ ఎక్కడుంది గనక!

"ఎంతకి కొట్టేద్దామని కాకా, ఈ నాటకం?"

"కొనడానికి రాలేదు. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి నేను చూసుకుంటాలే. ముందు గడప దిగు."

పక్క కొట్లవాళ్లు పకపకా నవ్వారు. ముసలాయన తలొంచుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సానపట్టే ఉస్తాద్ రాయిని సానచక్రానికి ఆనించాడు.

కాసేపటికే టక్కుమని చప్పుడైంది.

ఆయన చెప్పినట్టే అడ్డంగా విరిగింది. ఒక సగం నేల మీద పడి పొడిపొడి అయింది.

నజ్ముద్దీన్ వంగి నేల మీది ముక్కలు ఏరాడు. ఇంటికెళ్లి పెళ్లాంతో ఏమని చెప్పాలి? ఉస్తాద్ కూడా బిత్తరపోయాడు. నలభై ఏళ్లుగా రాళ్లు చూస్తున్న తన కంటికే ఆ బీట ఆనలేదన్నాడు.

నజ్ముద్దీన్ ముసలాయన కోసం పిచ్చెత్తినట్టు బజారంతా వెతికాడు. చివరికి ఆయనెవరని టీకొట్టతన్ని అడిగాడు.

"సఫర్ కాకానా? గనిలో మందుగుండు పెట్టేది ఆయనే. మొన్న ఆయన పెట్టిన మందు ఎక్కువై చరియ విరిగిపడలేదూ? నీ పచ్చ దొరికింది అప్పుడే."

"మరి ఆ బీట సంగతి ఆయనకెలా తెలుసు?"

టీకొట్టతను చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"తెలియకేం? అంత పేలుడుకు పచ్చ లోపలే బీటలిస్తుందని ఆయనకు తెలుసు. ఆ చరియ కింద చచ్చిపోయిన కొడుకు గుప్పిట విప్పి, ఆ రాయిని బయటికి తీసింది ఆయనే."