అట్టపెట్టెలో ప్రాణం

"మామయ్యా! పాప స్కూలు గేటు దగ్గర ఒక్కతే నిలబడి ఏడుస్తుంటే పక్కింటావిడ చూసి తీసుకొచ్చింది. మీరేమో ఇక్కడ గుర్రుపెట్టి నిద్రపోతున్నారు!"

కోడలి కేకకి ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. గోడ గడియారం చూడగానే ఆయన ముఖం వెలవెలబోయింది.

"కన్ను మూతపడిందమ్మా. తప్పయిపోయింది."

"మొన్నా ఇదే మాట అన్నారు."

ఆమె చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. పొద్దున్నుంచీ లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసిందేమో, కాళ్లు పీకుతున్నాయి. నిజానికి అరిచే ఓపిక కూడా లేదు. పాప మాత్రం ఏడుపు మరిచిపోయి అప్పుడే మూలనున్న అట్టపెట్టె దగ్గర చేరింది.

పెట్టెలో ఓ అర్భకపు కోడిపిల్ల. పక్కింటి కోడి పొడిచి తరిమేస్తే, పాప గోల చేసి తెచ్చుకుంది. వెచ్చగా ఉంచితే బతుకుతుందని ఎవరో అన్నారని ఆమె భర్త కొత్త బల్బు కొనుక్కొచ్చి పెట్టె మీద వేలాడదీశాడు. "కళ్లు చెదిరే వెలుగు, కరెంటు మాత్రం చుక్క తాగదు!" అని తెగ మురిసిపోయాడు. "ఎవరూ చెయ్యి పెట్టకండి, కాలుతుంది" అని హెచ్చరించాడు కూడా. రోజంతా ఇస్త్రీపెట్టె ముందు ఉడికే ఆమెకి ఇంకో వేడి వస్తువు జోలికి పోవాలని అసలే లేదు.

"ఈ దీపంతో అయ్యే పని కాదురా," అని ముసలాయన అప్పుడే నసిగాడు.

"మొదలెట్టావా నాన్నా!" అని కొడుకు విసుక్కున్నాడు. ఆయన లేచి వెళ్లి తన పాత స్వెటర్ తొడుక్కున్నాడు.

తీరా పిల్ల నిక్షేపంగా బతికింది. తెల్లారేసరికి కిచకిచలాడుతూ నూకలు ఏరుకుంటోంది.

పాడైపోతున్నది ముసలాయనే. వానాకాలం సరే, ఇంట్లో కూడా ఆ స్వెటర్ విప్పడు. దాని మీద తెల్లటి మరకలు. ఏం ఒలకబోసుకుంటున్నాడో, ఉతకలేక చస్తోంది ఆమె. రాత్రుళ్లు తనలో తానే గొణుక్కుంటాడు, పగలు కూర్చున్నచోటే తూగుతాడు. మతి తప్పుతోందేమోనని ఆమె భయం. బిడ్డని ఆయన చేతిలో ఎలా వదిలేది? పని మానేస్తే ఇల్లెలా గడిచేది?

భర్త రాగానే తేల్చి చెప్పేసింది.

"మీ అక్కని వచ్చి తీసుకెళ్లమనండి. ఇటు ఉద్యోగం, అటు పాప, పైన ఈయన. ఇక నా వల్ల కాదు."

భర్త తల గోక్కుని ఫోను తీశాడు.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ముసలాయన సంచీ సర్దుకుని గడప దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, ఆ కోడిపిల్లని నాతో పంపవూ?"

ఆమెకి ఒళ్లు మండింది. "పాప పంచప్రాణాలూ దాని మీదే ఉన్నాయి మామయ్యా! ఈ వయసులో మీకు దాంతో ఆటలేంటి?"

"ఆటలకి కాదమ్మా..." అనబోయి, కొడుకు ముఖం చూసి ఊరుకున్నాడు. "పోనీలే. కనిపెట్టుకుని ఉండండి."

"బల్బుందిగా నాన్నా!" అన్నాడు కొడుకు.

ఆయన వెళ్లాక, నిజం చెప్పొద్దూ, ఆమెకి నెత్తిన బరువు దిగినట్టయింది. చాన్నాళ్లకి ఒళ్లు తెలీకుండా నిద్రపోయింది.

పొద్దున్నే పాప కేకకి మెలకువ వచ్చింది. కోడిపిల్ల మెడ వాల్చేసి, రెక్కలు జార్చి పడుంది. డొక్క మాత్రం ఎగరేస్తోంది.

"అమ్మా, చచ్చిపోతుందా?"

"నిన్నటిదాకా బానే ఉందే! రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంది," అన్నాడు భర్త.

"వేడి చాలట్లేదేమో, కాస్త కిందికి దించుదాం," అంటూ ఆమె చెయ్యి చాపింది. ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూసే అలవాటు కొద్దీ, వేలు నాలుకకి తడిచేసుకుని బల్బుకి చటుక్కున తాకించింది. చుయ్యిమనలేదు. ఈసారి అరచేయి మొత్తం ఆనించింది.

బల్బు చల్లగా ఉంది.