గీతలు కలిసే చోట

సౌదీలోని తబూక్‌లో, వేటసామగ్రి దుకాణంలో నబీ రసూల్ తుపాకీతో గురి చూసే స్కోపుల్లో మూడోదాన్ని కూడా చూసి పక్కన పెట్టేశాడు. ఆఫ్రికాలో అడవిదున్నల వేటకు వెళ్తున్న షేక్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన రైఫిల్‌కు ఏ స్కోప్ బిగించాలో చెప్పేది నబీ రసూలే.

"దీంట్లో గూడా గీతలు కలిసేచోట నల్లమచ్చ ఉంది లింబాద్రీ. సరుకంతా ఇట్లే వచ్చినట్టుంది," అన్నాడు తోటి సేల్స్‌మన్‌తో.

షేక్ దాన్ని తీసుకుని వీధి చివరి మేడ వైపు చూశాడు. "మచ్చేమీ లేదే!" అన్నాడు అరబ్బీలో.

నబీ రసూల్ మళ్లీ అందుకుని, ఈసారి ఎడమకన్ను ఆనించాడు. మేడ మీది పావురం మెడలో రంగులు కూడా కనిపించాయి. గీతలు దాని మీద చక్కగా కలిశాయి. కుడికన్ను ఆనించగానే మళ్లీ మచ్చ.

షేక్‌కు అర్థమైంది. రేపు వస్తానని చెప్పి, నబీ రసూల్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

"నా కన్ను పోయిందప్పా. ఇన్నాళ్లూ ఎవరికి ఎట్లాంటివి ఇస్తినో! దున్న మీదికొచ్చేటప్పుడు గురి తప్పితే మనిషి బతుకుతాడా?" అన్నాడు నబీ రసూల్, స్కోప్‌ను బల్ల మీద పెట్టేసి.

లింబాద్రి తల దించుకున్నాడు. "ఎవ్వరికేం కాదు భాయ్. రంజాన్ కాన్నుంచి నువ్వు ఇచ్చినవన్నీ ప్యాక్ చేసేముందు నేను మల్ల చూసిన. రెండు మార్చిన గూడ."

"నాకొక మాట చెప్పకపోతివే!"

"ఎట్ల చెప్పాలె భాయ్? నాకు చూసుడు నేర్పిందే నువ్వు గదా."