కలకత్తా రుచి

మటన్ కషా వడ్డించిన కంచం బిందుమాధవి నుదుటికి తగిలి, గోడ మీద పడింది.

"ఉప్పేదే ఇందులో? కలకత్తాలో నేను తిన్నదేటి, నువ్వు వండిందేటి?" అంటూ త్రినాధరావు ఆమె జుట్టు పట్టి తల గోడకేసి కొట్టేడు.

బెంగాలీ వంటలంటే మొగుడికి ప్రాణమని, ఆవ పెట్టిన చేప దగ్గర్నుంచి అన్నీ ఫోనులో చూసి నేర్చుకుంది. మొన్న జ్వరం తగ్గినప్పటి నుంచి మాత్రం ఏది వండినా తన్నులే.

పెదవి మీదికి కారిన మసాలాని నాలుకతో తీసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

వంటింట్లోకి వెళ్లి, వేడి పాయసంలో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చింది.

త్రినాధరావు రెండు చెంచాలు తిని తలూపేడు. "ఇదీ పాయేష్ అంటే. మన బెల్లం పడింది కదా, ఆ తీపే వేరు."

బెల్లం యార్డులో దిమ్మ చిదిపి, నోట్లో వేసుకుని ధర చెప్పే మనిషి అతను. ఆ నాలుకని నమ్మే అక్కడ బేరాలన్నీ తెగుతాయి.

బిందుమాధవి నుదుటి మీది నెత్తురు కొంగుతో తుడుచుకుంది. "అందులో పోసింది ఉప్పండీ," అంది.

అతను చెయ్యెత్తేడు.

"కొట్టండి. రేపు యార్డుకొచ్చి, మీ నోటికి ఉప్పూ తీపీ తెలీడం లేదని అందరికీ చెప్తాను."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆమె గిన్నె అతని ముందుకు తోసింది.

"తీపి బాగుందన్నారు కదా. అడుగు కనపడేదాకా తినండి."