మామగారి మైకు

"ఆ ప్లగ్గు పీకకండి!" ఫోన్లో కరెంటాఫీసాయన అరిచాడు.

అప్పటికే నా చెయ్యి కారుకీ గోడకీ మధ్య ఉన్న ఆ ప్లగ్గు మీద ఉంది. "మా మామగారి పదవీ విరమణ సభండీ. కారు తియ్యాలి."

"గాలి లేక గాలిమరలన్నీ ఆగిపోయాయండీ. హైడ్రోజన్ కార్లే ఊరికి కరెంటిస్తున్నాయి, టాక్సీలతో సహా."

కారులో మా ఆవిడ పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని, బెల్టు బిగించుకుని కూర్చుంది.

"గాలి లేనప్పుడు కారు కరెంటు ఊరికిచ్చే ఈ ఒప్పందం మీద నాచేత సంతకం పెట్టించింది మీ నాన్నే!" అన్నాను.

"ముప్ఫై ఏళ్లు గాలిమరలు చూసుకున్న మనిషి. ఈ ఒక్కరోజే గాలి మొహం చాటేసింది," అంది.

"ఇంతకీ నా కారు కరెంటు ఎవరికి పోతోంది?" అని ఆఫీసాయన్ని నిలదీశాను.

"గాలిమరల కాలనీ హాలుకండీ. అక్కడేదో సన్మానమట. మీరు పీకితే మైకు ఆగిపోతుంది."

మా మామగారు మైకు పట్టుకుంటే ఓ పట్టాన వదలరు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఉపన్యాసం మొదలవగానే నేను మెల్లగా జారుకునేవాణ్ణి.

ఇంతలో ఆయనే ఫోన్ చేశారు. "ఎక్కడున్నారు అల్లుడుగారూ? రెండు ముక్కలు మాట్లాడదామని మీకోసం ఆగాను."

"మైకు పనిచేస్తోందా మామయ్యగారూ?"

"భేషుగ్గా ఉంది."

ట్యాంకు ముల్లు చూశాను. ఇంకా సగం ఉంది. ప్లగ్గు మీంచి చెయ్యి తీసేసి, వెళ్లి మా ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అయితే ఫోన్ మైకు పక్కనే పెట్టి తీరిగ్గా మాట్లాడండి, ఇక్కణ్ణుంచే వింటాం. ఈసారి నేను మధ్యలో లేచి వెళ్లను."