పద్నాలుగు రోజుల మేస్త్రి

బావి అడుగంటుతున్న ఎండాకాలంలో, ఆ ముసలాయన ఇరవై బిందెల నీళ్ళు తోడి గుంతలో పొయ్యమన్నాడు.

కమలాక్షి చేతిలోని బిందె కింద పెట్టేసింది.

పుంగనూరులో వాళ్ళ కొత్తింటికి గోడలు లేచాయి, పైకప్పు పడింది. ఇక మిగిలింది పెరట్లో మరుగుదొడ్డి, దానికో సెప్టిక్ ట్యాంకు.

భర్త చెంగల్రాయుడు తెల్లారే బస్సెక్కి మదనపల్లె మార్కెట్ యార్డుకు వెళ్ళిపోతాడు. మేస్త్రిని వెతికే పని ఆమె మీద పడింది.

ఏడో తరగతితో బడి మానేసిన తనను ఎవరైనా ఇట్టే మోసం చేస్తారని ఆమె భయం. అంతకన్నా పెద్ద భయం ఎనిమిది నెలల కొడుకు గురించి. ఆ బావి నీళ్ళే వాడు తాగాలి. మురుగు బావిలోకి రాదని గట్టిగా చెప్పగలిగే మనిషి కావాలి ఆమెకు.

కుప్పంలో నంజప్ప అని ఒకాయన ట్యాంకులు కడతాడని ఎవరో చెప్పగా కబురు పంపింది. వచ్చినాయన ముందు పెరట్లో రెండడుగుల గుంత తవ్వాడు. తర్వాత ఈ నీళ్ళ గోల.

తిట్టుకుంటూనే పోసింది.

మరుసటి పొద్దున నంజప్ప వచ్చి గుంత అంచున గొంతుక్కూర్చుని చూశాడు. నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి.

“అడుగున బండ ఉండాదమ్మా. ఈడ కడితే మురుగు కిందికి ఇంకదు. పక్కకు తిరిగి బావికేసి పోతాది.”

“మరి యాడ కట్టాలప్పా?”

ఆయన వీధి వాకిలి వైపు చెయ్యి చూపించాడు. నేల వాలు అటే ఉంది, బావికి దూరమూ అదే.

అరుగు మీద కూర్చున్న అత్త నారాయణమ్మ లేచి నిలబడింది.

“వాకిట్లోనా? ముగ్గు యాడ ఎయ్యాల, దాని నెత్తినా?”

“మూత మీదనే ఎయ్యమ్మా. నున్నగా పూసిస్తాను.”

నారాయణమ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఎన్ని రోజులు పడుతుందని కమలాక్షి అడిగితే పద్నాలుగు అన్నాడు. ఇంతకుముందు ఎక్కడ కట్టావంటే, మదనపల్లెలో వసంతమ్మ ఇల్లు చెప్పాడు.

ఆదివారం బిడ్డను చంకన వేసుకుని కమలాక్షి మదనపల్లె వెళ్ళింది.

నంజప్ప పేరు వినగానే వసంతమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి మొదలుపెట్టింది. ట్యాంకు కట్టి, సిమెంటు పూసి, నిండా నీళ్ళు పోయించి, గోడకు మేకుతో గీత గీశాడట. పొద్దునకు నీళ్ళు ఆ గీతకు వేలెడు కిందికి దిగితే, పూతంతా రాలగొట్టి మళ్ళీ పూశాడట. అట్లా రెండుసార్లు.

“మా ఇంట్లో పెండ్లి గూడా అన్ని దినాలు జరగలేదు తల్లీ,” అంది వసంతమ్మ.

ఒకే పనిని మూడుసార్లు చేశాడంటే పని రానివాడే అనుకుంది కమలాక్షి, తిరుగు బస్సులో.

ఊళ్ళోనే ఉండే మేస్త్రి గోపాలస్వామి గురించి మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగిళ్ళల్లో విచారించింది. మాట మెత్తన, నాలుగు రోజుల్లో ముగించి వెళ్ళిపోతాడు అన్నారు అందరూ. ఆయన వచ్చీ రాగానే బిడ్డనెత్తుకుని మేనమామలా ముద్దు చేశాడు. పెరట్లోనే కడతానన్నాడు. చీమ కూడా దూరదు చెల్లెమ్మా అన్నాడు. నారాయణమ్మ కాఫీ పెట్టింది.

పని వేరేవాళ్ళకు ఇచ్చామని చెప్పేటప్పుడు కమలాక్షి నంజప్ప ముఖం చూడలేకపోయింది. ఆయన కోప్పడలేదు.

“బిడ్డకు నీళ్ళు కాంచి తాపమ్మా, మరిచిపోవద్దు,” అని చెప్పి, సంచి భుజానికేసుకుని బస్టాండు దారి పట్టాడు.

పని పోయిందని శాపం పెట్టి పోతున్నాడంది అత్త. గోపాలస్వామి నాలుగు రోజుల్లో పెరట్లో ట్యాంకు కట్టేసి వెళ్ళాడు. కమలాక్షి వారం రోజులు నీళ్ళు కాచింది. బావి నీళ్ళు తేటగానే ఉండటంతో తర్వాత మానేసింది.

వానలు పడ్డాయి.

మూడో వానకు నీళ్ళలో ఏదో వాసన తగిలింది. ఆ వారంలోనే బిడ్డకు వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. మరుగుదొడ్డి బావికి ఎంత దూరమని డాక్టరమ్మ అడిగితే, కమలాక్షి బిడ్డ కాళ్ళు నిమురుతూ ఉండిపోయింది.

ఆరో రోజు వాడు ఆమె గాజులు పట్టుకుని లాగాడు. అప్పుడు ఏడ్చింది.

వాణ్ణి అత్తకు అప్పజెప్పి, భర్తతో కలిసి పలమనేరులో బస్సు మారి కుప్పం చేరింది. ట్యాంకు పగలగొట్టి వాకిట్లోనే కట్టమని, ఎన్ని రోజులైనా పట్టనీ అని చెప్పాలి.

నంజప్పది ఊరి చివర రెండు గదుల పెంకుటిల్లు. భార్య దొడ్డమ్మ చాప పరిచి, మంచినీళ్ళు ఇచ్చింది. ఇద్దరూ తాగారు.

“ఆయన పొద్దున్నే పుంగనూరికి పోయినాడమ్మా. వానలు కొట్టినాయి గదా. ఆడ ఎవురింట్లోనో బావి చెడిపోయింటాదని ఒకటే దిగులు. ఆ ట్యాంకు ఈయన కట్టింది గూడా కాదంట. అయితే ఏమి, పాకే బిడ్డ ఉండాడు ఆ ఇంట్లో అని పోయినాడు.”

చెంగల్రాయుడు తల దించుకున్నాడు. ఆ ఇల్లు తమదేనని కమలాక్షి చెప్పింది.

“బిడ్డ ఎట్లుండాడు?” అంది దొడ్డమ్మ వెంటనే.

బాగున్నాడని విన్నాకే ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది.

ఇంత పట్టుదలగా పని చేయడం ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడని కమలాక్షి అడిగింది. వాళ్ళ నాయనా మేస్త్రేనా?

దొడ్డమ్మ చిన్నగా నవ్వింది.

“మేస్త్రి యాడమ్మా. యాభై ఏండ్లు వచ్చినంక తాపీ పట్టినాడు. అంతకుముందు ముప్పై ఏండ్లు ఇంటింటికీ పోయి పాకీదొడ్లు ఎత్తి ఆ గంప నెత్తిన మోసినాడు గదా, ఇంకెవురి నెత్తినా అది ఉండగూడదని ఈ పని నేర్సుకున్నాడు.”